లూపు లైను పీకిన రోజే స్టేషన్ పోయింది

చిన్న స్టేషన్ మూసేస్తున్నారన్న వార్త పేపర్లో పడగానే ఊరివాళ్లు ధర్నాకి కూర్చుంటారు. ఎమ్మెల్యేకి, ఎంపీకి అర్జీలు వెళ్తాయి. అప్పటికి అక్కడ మిగిలింది ఒక రేకుల షెడ్డు, పసుపు బోర్డు, టికెట్లమ్మే ఏజెంటు. వాటి కోసం కొట్లాడటం న్యాయమే. కానీ ఆ స్టేషన్ తలరాత ఏనాడో రాసేశారు. బళ్లు తప్పుకోవడానికి పక్కన వేసిన లూపు లైను పట్టాలు పీకి లారీలకెక్కిస్తుంటే ఊళ్లో ఎవరూ పట్టించుకోని ఆ రోజునే. మూత వెయ్యడం ఏ వరసలో జరుగుతుందో తెలిస్తే తప్ప ఎక్కడ అడ్డం పడాలో తెలియదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ప్రయాణికుడికి స్టేషన్ అంటే టికెట్ కిటికీ, ప్లాట్‌ఫారం. రైల్వేకి అది రెండు బ్లాక్ సెక్షన్ల మధ్య సరిహద్దు. బ్లాక్ సెక్షన్ అంటే ఒక స్టేషన్ నుంచి పక్క స్టేషన్ దాకా ఉన్న లైను ముక్క. ఒక సెక్షన్లో ఒకసారి ఒక్క బండే ఉండాలి, ముందు బండి ఆ సెక్షన్ దాటిందని తెలిశాకే వెనక బండిని వదలాలి. ఈ కాపలా కాసేది స్టేషన్ మాస్టారు. టికెట్లమ్మడం ఆయన చేసే పనుల్లో ఒకటి మాత్రమే, రైల్వే దృష్టిలో చిన్నది కూడా. కాబట్టి మూత కూడా రెండు సార్లు పడుతుంది. మొదట బళ్లు నడిపే పని పోతుంది, చాలా ఏళ్లకు టికెట్ల పని పోతుంది. మొదటిది జరిగినప్పుడు బండి మామూలుగానే ఆగుతుంటుంది గనక ఊరికి తెలియదు.

ఒంటి లైను మీద పాత పద్ధతిలో నడిచే మామూలు స్టేషన్ (రైల్వే భాషలో "బి" క్లాసు) తీసుకుందాం. మెయిను లైను ఒకటి, లూపు లైను ఒకటి. ఎదురెదురుగా రెండు బళ్లు వస్తే ఒకటి లూపులోకి తప్పుకుంటుంది, రెండోది మెయిన్లో వెళ్లిపోతుంది. మాస్టారి గదిలో నీల్స్ బాల్ టోకెన్ పరికరాలు రెండుంటాయి, ఇటువైపు స్టేషన్‌తో ఒకటి, అటువైపు స్టేషన్‌తో ఒకటి జత. మాట్లాడుకునేదంతా గంటలతోనే. ఒక దెబ్బ కొడితే "ఫోనెత్తు", రెండు కొడితే "లైన్ క్లియరా?", మూడు కొడితే "బండి సెక్షన్లోకి వచ్చింది", నాలుగు కొడితే "బండి బయటపడింది". ఆరు దెబ్బలంటే ప్రమాదం. పదహారు కొడితే పరికరం సరిగా ఉందో లేదో చూస్తున్నామని. పక్క స్టేషన్ వాళ్లు ఒప్పుకుంటేనే పరికరం లోంచి గుప్పిట్లో పట్టేంత లోహపు గుండు బయటికొస్తుంది. దాని మీద రెండు స్టేషన్ల గుర్తులు, నంబరు చెక్కి ఉంటాయి. ఒక సెక్షన్‌కి ఒక్క గుండే బయట ఉండగలదు. అది మళ్లీ ఏదో ఒక కొసన పరికరంలో పడేదాకా రెండు వైపులా తాళమే. ఆ గుండు చేతికి అందనిదే డ్రైవరు బండిని సెక్షన్లోకి తీసుకెళ్లకూడదు.

గుండుని తోలు సంచిలో వేసి, ఆ సంచిని పెద్ద బెత్తపు రింగుకి కట్టి, పాయింట్స్‌మన్ (బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్లించే పాయింట్ల దగ్గర పనిచేసేవాడు) లైను పక్కన నిలబడి ఎత్తి పట్టుకుంటాడు. ఇంజన్ లోంచి అసిస్టెంటు చెయ్యి చాచి రింగుని భుజానికి తగిలించుకుంటాడు. పొరపాటు జరిగేది ఇక్కడే. రాత్రిపూట, వానలో, బండి కాస్త వేగం మీదుంటే రింగు జారి తుప్పల్లో పడుతుంది. బండి ఆపాలి, లాంతరు పట్టుకుని వెతకాలి. గుండు దొరక్కపోతే ఆ సెక్షన్లో పరికరం వాడటం ఆపేసి, దొరికేదాకా ప్రతి బండికీ కాగితం మీద లైన్ క్లియర్ టికెట్ రాసివ్వాలి. రాసే ముందు పక్క మాస్టారి నుంచి ప్రైవేట్ నంబరు తీసుకోవాలి. ఆ నంబర్ల షీటు ఎవరిది వాళ్ల దగ్గరే తాళంలో ఉంటుంది, ఒకసారి చెప్పిన నంబరు కొట్టేయాలి. "నేను లైన్ క్లియర్ ఇవ్వలేదు" అని తర్వాత ఎవరూ అనకుండా ఈ ఏర్పాటు.

రెక్క సిగ్నళ్లది ఇంకో తంటా. లివరు దగ్గర్నుంచి సిగ్నల్ దాకా వందల మీటర్ల తీగ. మే నెల ఎండకి తీగ సాగితే లివరు పూర్తిగా లాగినా సిగ్నల్ రెక్క సగమే వాలుతుంది. సగం వాలిన రెక్కని డ్రైవరు "ఆగు" అనే చదవాలి, బండి బయటే నిలిచిపోతుంది. అందుకే మధ్యాహ్నం, సాయంత్రం తీగ బిగువు సరిచేసుకుంటూ ఉండాలి. తీగ పూర్తిగా తెగిపోతే బరువు కట్టిన కడ్డీ రెక్కని తనంతట తానే పైకి, ఆపే స్థితికి తెచ్చేస్తుంది. ఆ లెక్క పెట్టినవాళ్లకి దండం పెట్టాలి.

ఈ పనికి మనుషులు కావాలి. 8 గంటల డ్యూటీ అయితే మాస్టార్లు ముగ్గురు, వాళ్లకి సెలవొచ్చినప్పుడు రెస్ట్ గివర్ ఒకరు. పాయింట్స్‌మెన్ కూడా అదే లెక్క. రద్దీ తక్కువ స్టేషన్లలో 12 గంటల డ్యూటీ పెట్టి మనుషుల్ని తగ్గిస్తారు. గేటుంటే గేట్‌మెన్ వేరే. రోజుకి ఆగేది రెండు ప్యాసింజర్లే అయినా ఇంతమందీ ఉండాల్సిందే, ఎందుకంటే ఆగకుండా పోయే బళ్ల కోసమే వాళ్లున్నారు. కాబట్టి ఆ పని మనిషి లేకుండా జరిగే దారి దొరగ్గానే స్టేషన్ అక్కర్లేకుండా పోతుంది.

ఆ దారి చాలా చోట్ల డబ్లింగుతో వచ్చింది. రెండు లైన్లయ్యాక ఎదురు బండి కోసం తప్పుకునే అవసరం లేదు. సెక్షన్ మధ్యలో ఒక ఇంటర్మీడియట్ బ్లాక్ సిగ్నల్ పెట్టి, ఇరుసులు లెక్కపెట్టే యాక్సిల్ కౌంటర్లు బిగిస్తే, లోపలికి ఎన్ని ఇరుసులు వెళ్లాయో బయటికి అన్నే వచ్చాయో లేదో యంత్రమే చెబుతుంది. వెనక స్టేషన్ మాస్టారు తన ప్యానెల్ మీద నుంచే ఆ సిగ్నల్‌ని నడుపుతాడు. మధ్యలో ఉన్న స్టేషన్లో మనిషి ఉండక్కర్లేదు.

లూపు పొడవు ఇంకో కారణం. దీని గురించి బయట ఎవరూ మాట్లాడరు గానీ నా లెక్కలో అసలు కారణం చాలాసార్లు ఇదే. బొగ్గు మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్ ఒక్కోటి 10.7 మీటర్లు. 58 వ్యాగన్లంటే 621 మీటర్లు. రెండు ఇంజన్లు, బ్రేక్ వ్యాన్ కలిపితే 675 దాకా వస్తుంది. అందుకే 686 మీటర్ల లూపుని కొలతగా పెట్టుకున్నారు, ఆ తర్వాత ఇంకా పెంచారు. పాతకాలపు చిన్న బళ్ల కోసం వేసిన లూపులో ఈ గూడ్సు పట్టదు. తోక మెయిన్లో ఉండిపోతే లూపు ఉన్నా లేనట్టే. పొడిగిద్దామంటే ఒక వైపు వాగు వంతెన, ఇంకోవైపు గేటో ఊరి రోడ్డో అడ్డం. డబ్బు ఖర్చుపెట్టి పొడిగించిన పక్క స్టేషన్ బతుకుతుంది, పొడిగించనిది పోతుంది.

ఒంటి లైను మీద బ్లాక్ స్టేషన్ తీసేస్తే నష్టం కూడా ఉంది. ఒకవైపు 8 కిలోమీటర్లు, ఇంకోవైపు 7 కిలోమీటర్లు ఉన్న స్టేషన్ తీసేస్తే సెక్షన్ 15 అవుతుంది. గంటకి 40 కిలోమీటర్ల వేగంతో పోయే గూడ్సు 8 కిలోమీటర్లని 12 నిమిషాల్లో వదిలేది, ఇప్పుడు 22 నిమిషాలకు పైగా పడుతుంది. అంతసేపూ ఎదురు బండి పక్క స్టేషన్లో పడి ఉండాలి. బళ్లు నడిపే ఆపరేటింగ్ విభాగం వాళ్లు కొన్నిచోట్ల గట్టిగా అభ్యంతరం చెప్పేది అందుకే. ఊరివాళ్ల అర్జీలో ఈ లెక్క ఉంటే దానికో బరువుంటుంది. "మా ఊరికి అన్యాయం" అన్న మాటకి ఫైల్లో చోటుండదు.

నిర్ణయం అయిపోయాక వరస ఇలా ఉంటుంది. సిగ్నళ్లు, పాయింట్లు మారుతున్నాయి గనక రైల్వే సేఫ్టీ కమిషనర్ అనుమతి తీసుకోవాలి. ఆ కమిషనర్ రైల్వే శాఖ కింద ఉండడు, పౌర విమానయాన శాఖ కింద ఉంటాడు. తర్వాత రెండు పక్క స్టేషన్లకీ వర్కింగ్ రూల్స్ కొత్తగా రాస్తారు. మార్చే రోజున కంట్రోల్ ఆఫీసు ఒక సమయం ఇస్తుంది. ఆఖరి బండి దాటాక, రెండు వైపులా నాలుగు దెబ్బలు పడ్డాక, సిగ్నల్ వాళ్లు డిస్‌కనెక్షన్ నోటీసు రాసి మాస్టారి సంతకం తీసుకుంటారు. పరికరాలు తెరిచి గుండ్లన్నీ బయటికి తీసి, రిజిస్టర్లో ఉన్న నంబర్లతో ఒక్కొక్కటీ సరిచూస్తారు. ఒక్కటి తక్కువైనా పని ఆగుతుంది. ఇక్కడ లేని గుండు ఇంకెక్కడో బండి చేతిలో ఉన్నట్టే లెక్క మరి. తర్వాత మధ్యలో తెగిన తీగని కలిపి, అటు స్టేషన్‌నీ ఇటు స్టేషన్‌నీ నేరుగా జత చేస్తారు. పదహారు దెబ్బలు కొట్టి చూసుకుంటారు. ఇక మొదటి "లైన్ క్లియరా?" ఈ స్టేషన్ తల మీదుగా వెళ్లిపోతుంది.

మాస్టారు ట్రైన్ సిగ్నల్ రిజిస్టర్లో ఆఖరి బండి వచ్చిన టైము, పోయిన టైము రాసి కింద గీత కొట్టి సంతకం పెడతాడు. ఏళ్ల తరబడి రాత్రీ పగలూ ఒక్క నిమిషం ఖాళీ లేకుండా ఎవరో ఒకరు డ్యూటీలో ఉన్న గది అది. "ఛార్జ్ ఇచ్చాను", "ఛార్జ్ తీసుకున్నాను" అని రెండు సంతకాలు పక్కపక్కన ఉండాల్సిన డైరీలో ఆ రోజు ఒక్కటే ఉంటుంది.

పట్టాలు వెంటనే పీకరు. పాయింట్లని మెయినుకి అమర్చి క్లాంపు బిగించి తాళం వేస్తారు. పనికిరాని సిగ్నల్ మీద రెండు పట్టీలు ఇంటూ ఆకారంలో కొడతారు. ఒక్కో పట్టీ కనీసం మీటరు పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలని రూలు. దానికి దీపం వెలిగించకూడదు. కొన్నాళ్లపాటు డ్రైవర్లకి జాగ్రత్తలు రాసిచ్చే కాగితంలో (కాషన్ ఆర్డర్) ఈ మార్పు రాసిస్తారు, ఎందుకంటే ఇరవై ఏళ్లుగా ఆ మలుపు తిరగ్గానే ఆ సిగ్నల్ కోసం చూసే కన్ను ఒక్కరోజులో మారదు. తర్వాత ఎప్పుడో గ్యాంగులు వచ్చి, కాసేపు బళ్లు ఆపించుకుని (దీన్ని బ్లాక్ తీసుకోవడం అంటారు), పాయింట్ల చోట మామూలు పట్టా వేసి, లూపుని పీకి తీసుకెళ్తాయి.

ఊరు కళ్లు తెరవాల్సింది ఇక్కడ. చాలా పాత స్టేషన్లలో ప్లాట్‌ఫారం, స్టేషన్ గది లూపు వైపే ఉంటాయి. లూపు పీకేస్తే ప్లాట్‌ఫారానికీ మెయిను లైనుకీ మధ్య నాలుగైదు మీటర్ల కంకర ఖాళీ మిగులుతుంది. మెయిను పక్కన కొత్త ప్లాట్‌ఫారం కట్టాలి. అడక్కపోతే పట్టాల ఎత్తులోనే మట్టి చదును చేసి వదిలేస్తారు. పెట్టె నేల పట్టాల నుంచి దాదాపు 1.2 మీటర్ల ఎత్తు. ముసలివాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు, బస్తాతో సంతకి పోయేవాళ్లు ఆ మెట్లెక్కలేక రోడ్డు మీదకి వెళ్లి ఆటో ఎక్కుతారు. మరుసటి ఏడాది లెక్కల్లో "ప్రయాణికులు తగ్గారు" అని పడుతుంది. 760 మిల్లీమీటర్లకు తగ్గని ఎత్తు ప్లాట్‌ఫారం కావాలని, లూపు పీకే పని మంజూరులోనే అది కూడా ఉండాలని, డివిజనల్ రైల్వే మేనేజరుకి (డీఆర్ఎం) రాతపూర్వకంగా అడగాల్సింది అప్పుడే. తర్వాత అడిగితే విడిగా నిధులు కావాలంటారు.

గేటు సంగతి కూడా అప్పుడే చూసుకోవాలి. స్టేషన్ ఉన్నన్నాళ్లూ మాస్టారికి బండి ఎక్కడుందో తెలుసు, గేటు సరిగ్గా వేళకి వేయించేవాడు. స్టేషన్ పోయాక 10 కిలోమీటర్ల దూరంలో ఉన్న మాస్టారు ఫోన్లో చెబితే గేట్‌మన్ వేస్తాడు, భద్రత కోసం కాస్త ముందే వేస్తాడు. గేటు మూసి ఉండే సమయం పెరిగి గొడవలు మొదలవుతాయి. ఆ గొడవల నుంచి గేటు తీసేసి కింద నుంచి దారి తవ్వే ప్రతిపాదన వస్తుంది. ఒప్పుకునే ముందు నీళ్లు ఎటు పోతాయో అడగాలి. మొదటి వానకే నడుం లోతు నీళ్లు నిలిచిన అండర్‌పాసులు తెలుగు జిల్లాల్లో ఎవరికీ కొత్త కాదు. గడ్డి ట్రాక్టరు పట్టే ఎత్తుందో లేదో కూడా చూసుకోవాలి.

మాస్టార్లు, పాయింట్స్‌మెన్ బదిలీ మీద వెళ్లిపోయాక మిగిలేది హాల్టు, అంటే బండి ఆగడం, టికెట్లమ్మడం తప్ప ఇంకే పనీ లేని స్టేషన్. హాల్టుని నడిపేది ఏజెంటు. ఊరివాళ్లు అతన్ని కూడా "మాస్టారూ" అనే పిలుస్తారు. ఆ పిలుపులో గౌరవముంది గానీ జీతం లేదు, పింఛను లేదు, పాసు లేదు. అతను రైల్వే ఉద్యోగి కాదు, కాంట్రాక్టు మీద కమిషన్‌కి పనిచేసేవాడు. పక్క పెద్ద స్టేషన్‌కి వెళ్లి తన డబ్బు కట్టి టికెట్లు తెచ్చుకుని అమ్ముతాడు. స్టేషన్ చివరి ఉద్యోగి ఎవరని అడిగితే హాజరు పట్టీలో ఉండేది పాయింట్స్‌మన్ పేరు. ఊరికి గుర్తుండేది మాత్రం ఈ మనిషి.

అట్ట టికెట్ల రోజుల్లో ఆ పని చూడటానికి చిన్నదే, తప్పు చేస్తే ఖరీదైనది. 57 మిల్లీమీటర్ల పొడవు, 30 మిల్లీమీటర్ల వెడల్పున్న గట్టి అట్టముక్క. చేరాల్సిన ఊరు ఊరికీ టికెట్లు పేర్చే గొట్టం వేరే, చిన్న నంబరు అడుగున ఉండేలా పేర్చాలి, కింది నుంచి లాగాలి. తేదీ యంత్రంలో ఒక కొసని దూర్చి నొక్కితే టక్కుమని అచ్చు పడుతుంది. రోజూ పొద్దున్నే అచ్చు తిప్పి తేదీ మార్చి, ఒక చిత్తుకాగితం మీద నొక్కి చూసుకోవాలి. మర్చిపోతే ఆ రోజు ఎక్కినవాళ్లందరూ నిన్నటి టికెట్‌తో టీసీకి దొరుకుతారు. రాత్రికి ప్రతి గొట్టంలో మొదటి నంబరు, ఆఖరి నంబరు రాసి తీసివేస్తే ఎన్ని అమ్మారో వస్తుంది. తేమకి రెండు టికెట్లు అతుక్కుని ఒకటిగా వెళ్లిపోతే ఆ డబ్బు ఏజెంటు జేబులోంచి పోతుంది. వానాకాలం గొట్టాల మీద గుడ్డ కప్పి ఉంచేది అందుకే.

ఇక హాల్టుని చంపే లెక్క. రైల్వే చూసేది టికెట్ కొని ఎక్కినవాళ్లని. దిగినవాళ్లు లెక్కలోకి రారు. సంత రోజున రెండొందల మంది దిగే హాల్టులోనైనా వాళ్లు వచ్చేటప్పుడు కొన్న టికెట్లు అవతలి స్టేషన్ల ఖాతాలో ఉంటాయి. కాలేజీ పిల్లలు, ఉద్యోగులు పెద్ద స్టేషన్లో సీజన్ టికెట్ తీసుకుంటే రోజూ ఇక్కడే ఎక్కినా ఈ హాల్టు పుస్తకంలో కనిపించరు. ఏజెంటు భోజనానికి వెళ్లినప్పుడు టికెట్ లేకుండా ఎక్కి దిగేచోట కొనుక్కునేవాళ్లూ అంతే. రోజుకి 25 టికెట్లు, ఒక్కోటి 10 రూపాయలు అనుకుంటే 250 రూపాయలు. నూటికి 15 కమిషన్ అనుకున్నా ఏజెంటుకి 37 రూపాయల 50 పైసలు. దానికోసం పొద్దున్న ఐదింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి వచ్చి దీపం పెట్టి కూర్చోవాలి. ఏజెంటు మానేస్తే కొత్తవాళ్ల కోసం టెండరు పిలుస్తారు, ఎవరూ రారు. టికెట్లమ్మే మనిషి లేని హాల్టులో అమ్మకం సున్నా.

2020 మార్చిలో ప్యాసింజర్లన్నీ ఆగిపోయాయి. మళ్లీ నడిపినప్పుడు వాటికి ఎక్స్‌ప్రెస్ పేరు తగిలించారు, కనీస ఛార్జీ 10 నుంచి 30 రూపాయలైంది, చాలా హాల్టుల్లో ఆగడం మానేశాయి. 2024 ఫిబ్రవరిలో ఛార్జీ మళ్లీ 10కి తెచ్చారు. ఆ నాలుగేళ్లలో పల్లె జనం ఆటోలకి, బస్సులకి అలవాటుపడిపోయారు. బండి ఆగని నెలల్లో ఏజెంటుకి పైసా లేదు. ఈ దెబ్బని ఎన్ని హాల్టులు తట్టుకోలేదో అనుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

లెక్క ఎలా వేస్తారో అర్థం చేసుకున్న ఊళ్లు లేకపోలేదు. వరంగల్ జిల్లా నెక్కొండలో తిరుపతి బండి ఆగడం పోకుండా జనం వాట్సాప్ గ్రూపు పెట్టుకుని, చందాలేసుకుని, ప్రయాణం లేకపోయినా టికెట్లు కొన్నారు. అంత దూరం వెళ్లక ముందే చెయ్యగలిగినవి ఉన్నాయి. సమాచార హక్కు చట్టం కింద మూడేళ్లకి నెలవారీ టికెట్ల లెక్క తెప్పించుకోండి, ఎప్పుడు పడిపోయిందో చూస్తే ఏ బండి టైము మార్చినందుకు పడిపోయిందో తెలుస్తుంది. స్కూలు గంటకి, మార్కెట్ యార్డు వేళకి ముందు వచ్చే బండి ఒక్కటి ఆగితే చాలు, రోజుకి ఆరు బళ్లు ఆగక్కర్లేదు. డివిజన్ స్థాయిలో రైల్వే వినియోగదారుల సలహా సంఘం ఉంటుంది, అందులో మీ ప్రాంతం సభ్యుడెవరో కనుక్కుని ఆ కాగితాలు అతని చేతిలో పెట్టండి.

అవేవీ జరగకపోతే ఆఖరి నోటిఫికేషన్ వస్తుంది, తేదీ పడుతుంది. ఆ తేదీ నుంచి టికెట్ల కంప్యూటర్లో ఆ పేరు కొడితే రాదు. టైంటేబుల్లో వరస ఒకటి తగ్గుతుంది. సముద్ర మట్టం నుంచి ఎన్ని మీటర్ల ఎత్తో రాసి ఉన్న పసుపు బోర్డులు రెండు కొసల్లోనూ తీసేస్తారు. ఉంచితే రాత్రి ప్రయాణికులు తమ ఊరనుకుని దిగడానికి లేస్తారు. ట్రావెలింగ్ అకౌంట్స్ ఇన్‌స్పెక్టర్ మిగిలిన టికెట్లు, రసీదు పుస్తకాలు లెక్కచూస్తాడు. ప్రతి పుస్తకంలో వాడిన ఆఖరి రసీదు నంబరు రాసుకుని, వాడనివి వెనక్కి పంపుతాడు. తేదీ యంత్రం, స్టేషన్ కోడు చెక్కిన ఇత్తడి ముద్ర, ఫిర్యాదుల పుస్తకం జాబితా రాసి అప్పగించాలి. ముద్ర ఒక్కటీ పోగొట్టుకోకూడదు, లక్క మీద ఆ ముద్ర పడితే క్యాష్ బ్యాగు ఇప్పటికీ ఆ స్టేషన్‌దే అవుతుంది.

ఏజెంటు దగ్గర అమ్ముడుపోని టికెట్లు మిగులుతాయి. అవి అతని డబ్బుతో కొన్నవి. ఆ డబ్బు వెనక్కి రావాలంటే నంబర్ల వరసతో జాబితా రాసి, ఒక్కటీ చిరగకుండా, పెద్ద స్టేషన్ కౌంటర్లో అప్పగించి సంతకం తీసుకోవాలి. బండి ఇక ఇక్కడ ఆగదు కాబట్టి, ఆ సంచి పట్టుకుని అతను బస్సులో వెళ్లాలి.